కాశీం చిన్నాయన లాంగన్ చెట్టు

మొన్న నంద్యాల పండ్ల బజారులో ఒక బండి దగ్గర ఆగాను. ద్రాక్షకూ దానిమ్మకూ మధ్య, పుల్లలతో సహా గుత్తులుగా పేర్చిన చిన్న గోధుమరంగు కాయలు కనబడ్డాయి. అమ్మే ఆమె ఒకటి ఒలిచి నా చేతిలో పెట్టి, "తిని చూడమ్మా, బయటిదేశం పండు" అంది. పలుచని పెళుసు తోలు కింద నీళ్లలా తేటగా ఉన్న గుజ్జు, దాని లోపలినుంచి కనబడే నల్లటి గింజ. నోట్లో పెట్టుకోగానే తేనెలాంటి తీపి, ఆ తీపి వెనకాల ఒక వింత పరిమళం. ఆ వాసనకే ఆళ్లగడ్డలో మా పక్కింటి పెరడు కళ్ల ముందు నిలబడింది. ఆమెకది బయటిదేశం పండు. నాకది కాశీం చిన్నాయన ఇంటి పండు.

పెళ్లయిన కొత్తలో మేము ఆళ్లగడ్డలో అద్దెకుండేవాళ్లం. మా ఆయన నంద్యాలలో ఒక మందుల దుకాణంలో పనిచేస్తూ రోజూ బస్సులో వెళ్లివచ్చేవాడు. పక్కిల్లు కాశీం సాహెబుది. నంద్యాలలో పత్తిమిల్లు యంత్రాల దగ్గర చాలా ఏళ్లు పనిచేసి, ఓపిక తగ్గాక సొంత ఊరికి వచ్చేసిన మనిషి. భార్య పోయింది. కొడుకు డోన్‌లో లారీ నడుపుతూ ఎప్పుడో ఒకసారి వచ్చేవాడు. యంత్రాల హోరులో అరిచి అరిచి అలవాటైన గొంతు కావడంతో ఆయన మామూలుగా మాట్లాడినా వీధి చివరికి వినబడేది. మొదట్లో భయపడ్డాను. తర్వాత తర్వాత చిన్నాయనా అని పిలవడం మొదలుపెట్టాను.

ఆయన పెరట్లో ఆ చుట్టుపక్కల ఎవరికీ లేని చెట్టు ఒకటుండేది. మొక్కలమ్మే బండివాడు లిచ్చీ అని చెప్పి ఆయనకు అంటగట్టిన మొక్క అది. కొన్నేళ్లకు కాయలు కాసింది. చూస్తే ఎర్రగా లేవు, లిచ్చీ అంత లేవు. మొక్కల సంగతి తెలిసిన ఒకాయన వచ్చి, ఇది లిచ్చీ కాదు, దాని చుట్టం లాంటిది, లాంగన్ అంటారని చెప్పి వెళ్లాడు.

"అయితే నిన్ను మోసం చేశాడన్నమాట" అన్నాను ఆ కథ విన్నప్పుడు.

"అబద్ధం చెప్పింది అమ్మినోడు. చెట్టు నాకేం చెప్పలేదు కదమ్మా" అన్నాడాయన.

అంతే, మళ్లీ లిచ్చీ ఊసెత్తలేదు. లాంగన్‌కు ఏం కావాలో అది నేర్చుకున్నాడు. మా నల్లరేగడిలో నీళ్లు నిలిస్తే దాని వేళ్లు కుళ్లిపోతాయని చుట్టూ కాలువ తీశాడు. మొక్కగా ఉన్నన్నాళ్లు వడగాలి తగలకుండా గోనెపట్టాలు కట్టాడట. చలికాలంలో మాత్రం బొట్టు నీళ్లు పెట్టేవాడు కాదు. ఆకులు వడలినట్టు కనబడి నాకు జాలేసి ఒక చెంబెడు పోయబోతే, "పొయ్యొద్దు. ఇప్పుడు తాగితే ఆకేస్తాది గానీ పూతెయ్యదు" అని ఆపాడు. ఎండలు ముదిరేలోగా మామిడి పూతలా కొమ్మ చివరలన్నీ పూసేవి. పిందె నిలబడ్డాక అప్పుడు చూడాలి ఆయన నీళ్లు కట్టే సంబరం.

మా పాప పావనికి మూడేళ్లు నిండినా మాటలు రాలేదు. మా అత్తగారు, "మీ ఆయనకూ ఆలస్యంగానే వచ్చినాయి, ఊరికే బాధపడొద్దు" అనేది. నేనూ అదే పట్టుకుని ఉన్నాను. పాప ఎక్కువగా చిన్నాయన పెరట్లోనే ఆడుకునేది. రాలిన పండ్ల గింజలు ఏరి వరసగా పేర్చడం దానికి ఇష్టం.

ఒక వానాకాలం, కాయలు పక్వానికి వచ్చిన రోజుల్లో, చెట్టు మీద చిలకల మంద వాలింది. గుత్తులకు కట్టిన పాత దోమతెరలను కూడా చీల్చేస్తున్నాయి. చిన్నాయన నూనె డబ్బా ఒకటి తెచ్చి కర్రతో దబదబా బాదాడు. నేను చెవులు మూసుకున్నాను. చిలకలన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. పాప ఆయన కాళ్ల దగ్గరే, మాకు వీపు పెట్టి కూర్చుని ఉంది. ఉలిక్కిపడలేదు. తల కూడా తిప్పలేదు. గింజ పక్కన గింజ పెట్టుకుంటూనే ఉంది.

ఆయన మళ్లీ బాదాడు. ఈసారి చెట్టు వైపు చూడలేదు, పాపనే చూశాడు. డబ్బా కింద పెట్టి, మెల్లగా వచ్చి నాకు ఎదురుగా అరుగు మీద కూర్చున్నాడు. ఆయన గొంతు అంత తగ్గగలదని నాకు అప్పుడే తెలిసింది.

"అమ్మా, పాపకు ఇనపడ్డంలా."

"ఆటలో పడితే అంతే చిన్నాయనా."

"ఆట కాదు. మిల్లులో చెవులు పోయినోళ్లను శానామందిని చూసినా. నా మాట ఇను. కర్నూలు పెద్దాసుపత్రిలో చూపిద్దాం."

పాపను ఎత్తుకుని ఇంటికి వచ్చేశాను. తలుపేసుకుని, దాని వెనక నిలబడి పేరుపెట్టి పిలిచాను. చప్పట్లు కొట్టాను. పళ్లెం నేలకేసి కొట్టాను. పళ్లెం గిరగిరా తిరుగుతూ తన ముందుకు వచ్చాక, పాప దాన్ని చూసి నవ్వింది.

తెల్లారి చిన్నాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని మా గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "యాడికి చిన్నాయనా?" అంటే, "కర్నూలుకు. మీతో నేనూ వస్తాండా" అన్నాడు. మా ఆయన కూడా సెలవు పెట్టి బయల్దేరాడు. ఆసుపత్రిలో పరీక్షలు చేసి, రెండు చెవులూ దాదాపు వినబడవని, మిషను పెట్టినా కొద్దిగానే ఉపయోగమని చెప్పారు. మా ఆయన గోడ వైపు తిరిగి ఏడ్చాడు. చిన్నాయన పాపను భుజాన వేసుకుని ఆసుపత్రి బయట చెట్లకింద తిప్పుతూ ఉన్నాడు. తిరుగు బస్సులో నాతో ఒక మాటన్నాడు. "పాప మాట్లాడాల అని కూచోవద్దమ్మా. పాపతో మనం ఎట్ల మాట్లాడాలనో చూడు."

ఆయన ఆ రోజునుంచే మొదలుపెట్టాడు. బొటనవేలూ చూపుడువేలూ గుండ్రంగా చుట్టి కంటికి ఆనిస్తే లాంగన్ పండు. వేళ్లు ముక్కు దగ్గర వంకరగా పెడితే చిలక. తర్వాత కర్నూలులో బధిరుల బడిలో చేర్పించాక పాప అసలైన సైగలు నేర్చుకుంది. సెలవులకు వచ్చినప్పుడు ఆయనకు నేర్పేది. మిల్లు పనికి బండబారిన ఆ వేళ్లు సరిగా వంగకపోతే తనే పట్టుకుని వంచేది. మా చుట్టాల్లో ఎవరూ ఆ సైగలు నేర్చుకోలేదు.

మేము నంద్యాలకు మారిపోయాం. చివరి ఏళ్లలో చిన్నాయనకు కూడా చెవులు పూర్తిగా పోయాయి. ఒకసారి చూడబోతే, కొడుకూ కోడలూ చెరో పక్కనుంచి అరుస్తున్నారు. ఆయనకేమీ అందక, అలిసిపోయి కళ్లు మూసుకుని ఉన్నాడు. పావని మంచం పట్టె మీద కూర్చుని ఆయన చెయ్యి తట్టింది. కళ్లు తెరిచాడు. ఇద్దరూ చేతులతో మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. మధ్యలో ఆయన ఏదో చెబితే పావని పడీపడీ నవ్వింది. వాళ్ల మాట కొడుకుకూ కోడలికీ అందలేదు. కోడలు నన్ను పక్కకు పిలిచి, "నాకూ నేర్పమని చెప్పక్కా" అంది. ఆ తర్వాతి చలికాలంలో ఆయన పోయాడు.

పావని ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. నేను అంగన్‌వాడీలో పనిచేస్తున్నాను. చంటిపిల్లల తల్లులకు ఒక్కోసారి బిడ్డ గురించి వాళ్లు వినలేని మాట చెప్పాల్సి వస్తుంది. ఇంకొన్నాళ్లు చూద్దాంలే అని నోటిదాకా వస్తుంది. అప్పుడు వెళ్లి ఆ తల్లికి ఎదురుగా కూర్చుంటాను. చెప్పేస్తాను. కొందరు కోపంతో లేచి వెళ్లిపోతారు. మర్నాడు పొద్దున్నే వాళ్లింటికి నేనే వెళ్తాను.