టూరిస్టు బట్టల ముచ్చట

ఆ రోజుల్ల మా సిరిసిల్లల దినాం మీటర్లకు మీటర్లు బట్ట నేసేటోళ్ల ఇండ్లల్లనే దండెం మీద రెండు అంగీలకు మించి ఉండకపోయేది. బట్ట అంటే ఒంటిని కప్పేది అనే నాకు ఎర్క. బట్టలు మనిషి గురించి అబద్ధం గూడ చెప్తయని ఇర్వై రెండేండ్లు వచ్చినంక మా బావ నేర్పిండు. (బావ అంటే పెద్దమ్మ అల్లుడు. కరీంనగర్‌ల ఉండి మందిని పరాయి దేశాలకు తోలేటోడు. తాను మాత్రం ఏనాడూ మంచిర్యాల దాటి పోలే.)

మా బాపు కార్ఖానల సాంచెల నడుమ, అంటే బట్ట నేసే మరమగ్గాల నడుమ, దినాం పన్నెండు గంటలు నిలవడేటోడు. ఇంటికొచ్చేసరికి కాళ్లు పొంగి, పిక్కల మీద నరాలు ఉబ్బి ఉండేటియి. మా అవ్వ, అంటే అమ్మ, వేన్నీళ్లల్ల ఉప్పేసి గా కాళ్లు పెట్టిచ్చేది. నేను గూడ పక్కనే రెండు సాంచెలు నడిపేటోణ్ణి గని, ఇద్దరం గుంజినా ఇల్లు అంతంతే. నాకు ఒక్కటే కోరిక ఉండె, బాపును కుర్సీల కూసోవెట్టాలె. నేను మలేషియా పోయి రెండేండ్లు పనిచేస్తే ఆయన ఇగ సాంచె మొకం చూసే పని లేదనుకున్న. పని వీసా దొరకుడు తిప్పలని బావ టూరిస్టు వీసా తెప్పిచ్చిండు. నాలుగు రోజులు తిరిగొస్తనని చెప్పి దిగాలె, దిగినంక పనిల చేరాలె. అది తప్పని ఆయనకు ఎర్కే, నాకూ ఎర్కే. బాపు కాళ్లు చూసినోనికి తప్పొప్పులు యాదికి రావు.

"నువ్వు కూలికి పోతున్నవని నీ మొకమే చెప్తున్నది బామ్మర్దీ! గందుకే ఎయిర్‌పోర్టు సార్ల సూపు మొకం మీద పడకుంట బట్టల మీద పడాలె" అన్నడు బావ. ఇగ మా అర్రల కూసొని చెప్పుడు షురూ చేసిండు. అది ఉక్కపోత దేశమట, పొద్దుగాల ఎండ, పగటీలి వాన. పల్చటి నూలు బట్టలు, పూలపూల అంగీలు, మోకాళ్ల దాక నిక్కర్లు, టోపీ, నల్లద్దాలు పెట్టుకోవాలె. గుడికో మసీదుకో పోతే మోకాళ్లు కనవడద్దు గనుక ఒక్క పాయింటు. "నాలుగు రోజులకు నాలుగే జతలు. లుంగి పెడ్తే దొరుకుతవు, చద్దరు పెడ్తే దొరుకుతవు, మామిడికాయ తొక్కు పెడ్తే నన్ను గూడ పట్టిస్తవు!" అన్నడు. అప్పటికే నింపిన సంచిల నుంచి అవ్వ ఒక్కొక్కటి తీసి బయట పెట్టింది. "రెండేండ్లకు పోయేటోడు నాలుగు జతలతోని ఎట్ల ఎల్లదీస్తడు అల్లుడా?" అని తొక్కు డబ్బ ఒళ్లె పెట్టుకొని ఏడ్సింది. సంచి అల్కగైన కొద్దీ ఆమెకు గుబులు ఎక్కువైంది. బాపు మాత్రం గోడకు ఆనుకొని, అవ్వ బయట పెట్టిన లుంగిని మడత మీద మడత పెట్టుకుంట కూసున్నడు.

నిక్కరు అలవాటు గావాలని బావ నన్ను వారం రోజులు గదే ఏసుకొని తిరుగుమన్నడు. పుట్టి బుద్ధెరిగినంక మోకాళ్లు బయటపెట్టలేదాయె, సిగ్గుతోని సచ్చిన. మా గల్లీల బీడీలు చేసే పెద్దవ్వ సూసి "ఏంరా, దర్జీ నీ పాయింటు బట్ట దాసుకున్నడా?" అన్నది. గల్లీ గల్లంత నవ్విండ్రు. నేనూ నవ్విన గని లోపల మనసు మనసుల లేకుండె.

హైదరాబాద్ ఎయిర్‌పోర్టుల పాస్‌పోర్టు చూసే సారు దగ్గరికి నా వంతు వచ్చింది. పూల అంగీ, నిక్కరు, నెత్తి మీద టోపీ. (నల్లద్దాలు పెట్టుకొనే నిలవడ్డ. తీసేయాలని బావ చెప్పలే, సారు చెప్పినంక తీసిన.)

"ఎందుకు పోతున్నవ్?"

"తిరగడానికి సార్. సముద్రం చూస్త."

"ఏం పని చేస్తవ్?"

"బట్టల యాపారం సార్."

అంతా బావ నేర్పినట్టే నడుస్తున్నది. సారు ముద్రేసే డబ్బ దగ్గరికి గుంజిండు. గప్పుడే ఆయన అంగీ చెయ్యి నా ముంగటికి వచ్చింది. దాని గుండీ ఊడొచ్చి రెండు పోగుల మీద ఏలాడుతున్నది. సాంచెల నడుమ పెరిగినోనికి ఊడిన పోగు కనవడితే చెయ్యి ఆగదు. తెగిన పోగును తక్షణం అతకకుంటే బట్ట ఖరాబైతది, చిన్నప్పటి సంది గిదే చదువు. నా చేతి ఏళ్లు వాటంతటవే పోయి రెండు పోగులు కలిపి, మెలేసి, రెప్పపాటుల ముడేసినయి. అంతటితోని ఆగినా బాగుండు. మిగిలిన కొసను వంగి పండ్లతోని కొరికిన!

సారు ముద్ర పక్కకు పెట్టిండు. గుండీని చూసిండు, నన్ను చూసిండు. "యాపారం చేసేటోళ్లు గిట్ల ముడెయ్యరు తమ్మీ. మా తాత ఏసేటోడు" అని సన్నగ అన్నడు. "అక్కడ పట్టుకుంటే జైల్ల ఏస్తరు. మీ అవ్వయ్యలకు నీ మొకం గూడ కనవడదు. ఇంటికి పో" అని పాస్‌పోర్టు చేతిల పెట్టి పక్కకు పంపిండు. ఆయన మంచికే చెప్పిండు, గని గా పొద్దు నాకు ఆయన యముని లెక్కనే కనవడ్డడు.

గదే పూల అంగీతోని బస్సెక్కి సిరిసిల్లల దిగిన. నేను పోయిన పరేషాన్ల బాపు గా దినం పనికి పోలేదట, ఇంటి ముంగట నిలవడి ఉన్నడు. నన్ను చూసి "వచ్చినవా కొడుకా!" అని పెద్దగ నవ్విండు. ఆయన అట్ల నవ్వంగ నేను పుట్టినంక చూడలే. నాకు మండింది. "నవ్వుతవేంది బాపూ? సచ్చేదాక ఇగ నిలవడాలె నువ్వు!" అని గల్లీ అంతా వినేటట్టు ఒర్రిన. ఆయన తల కిందికేసి "నిలవడ్త తియ్యి" అన్నడు.

అన్నట్టే నిలవడ్డడు. ఆరేండ్లకు పోయిండు, పోయే ముందటి వారం దాక సాంచెలు నడిపిండు. ఆయనను కుర్సీల కూసోవెట్టలేకపోయిన అనే రంది నన్ను ఇయ్యాల్టికీ తింటది. గా పొద్దు ఇంటి ముంగట ఒర్రిన పిల్లగాన్ని యాది చేసుకుంటే మాత్రం ఎంత ఏడుపుల గూడ నవ్వొస్తది. వాడు కొంప మునిగిందని నెత్తి కొట్టుకుంటున్నడు, వాని ముంగట బాపు పండుగ చేసుకుంటున్నడు. "నిలవడ్త తియ్యి" అని తల వంచినప్పుడు గూడ ఆయన మూతి మీది నవ్వు పోలేదట. అవ్వ చూసింది. నేను చూడలే.