బోర్డు మీది నిలువు గీత

నాకు ఇంగ్లీషు అంతంత మాత్రమే వచ్చు. కానీ కన్నును ఏమంటారో తెలుసు. హన్మకొండలో కళ్లద్దాల దుకాణం నడిపేవాడికి అదైనా తెలియకపోతే ఎలా? ఈ, వై, ఈ. అందుకే కొత్త బోర్డు మీద ‘ఐ కేర్’ అని ఉండాల్సిన చోట, ఆ మూడు అక్షరాలకు బదులు ‘ఐ’ అనే ఒక్క నిలువు గీత కనిపించేసరికి అనుమానం వచ్చింది.

బోర్డుకు ఆ మాట ఇచ్చింది పక్క దుకాణం దర్జీ కూతురు. డిగ్రీలో ఇంగ్లీషు చదువుతోంది. చిన్నప్పటి నుంచి నన్ను చాచా అంటుంది, సొంత బాబాయిని పిలిచినట్టు. బోర్డుకు మంచి మాట చెప్పమని నేనే అడిగాను. తన ఫోన్లోంచే ఫ్లెక్సీ వాళ్లకు పంపుతూ తనలో తాను నవ్వుకుంది. ఆ నవ్వు ఇప్పుడు గుర్తొచ్చింది.

బోర్డు పెట్టిన రోజే ఇద్దరు కాలేజీ పిల్లలు దాన్ని చూసి నవ్వి, ఫోటో తీసుకుని పోయారు.

“ఏంది సేటూ, పిలగాండ్లు నీ దుకాణం జూసి నవ్వుతాండ్రు?” అన్నాడు ఎదురుగా ఉన్న చాయ్ బండి అతను.

నలుగురిలో ఎవరైనా ఇంగ్లీషులో జోకు వేస్తే, అందరూ నవ్వాక ఒక్క క్షణం ఆలస్యంగా నేనూ నవ్వుతాను. తర్వాత ఇంటికి పోయి, అది నా మీద వేసింది కాదు కదా అని ఆలోచిస్తాను. నా బుద్ధే అంత.

తిన్నగా దర్జీ దుకాణంలోకి వెళ్లాను. గిరాకీలు ఉన్నారు, తండ్రి పక్కన ఆమె కూడా ఉంది.

“కన్నుకు స్పెల్లింగ్ నాగ్గూడ వస్తది బిడ్డా. తప్పు రాసి నన్ను పిచ్చోణ్ణి జేద్దామనుకున్నవా?”

“తప్పు కాదు చాచా, కావాలనే రాసిన. అదేందంటే...”

“ఇన్నవా భాయ్? కావాలనేనంట,” అన్నాను దర్జీ వైపు తిరిగి.

“జర ఆగన్నా, పిల్ల చెప్తాంది గదా,” అన్నాడు దర్జీ, మెడలో టేపు తీయకుండానే. నేను ఆగలేదు. ఆమె తలవంచుకుని లోపలికి పోయింది. బోర్డు మార్పించాను. ఈ, వై, ఈ.

కొన్నాళ్లకు అద్దాలు మార్పించుకోవడానికి ఒక రిటైర్డ్ లెక్చరర్ వచ్చారు. “పాత బోర్డు ఎందుకు తీసేసిన్రు? మంచిగుండె,” అన్నారు. ఈయన కూడా ఎగతాళి చేస్తున్నారేమో అని మొహంలోకి చూశాను. ఆయన నింపాదిగా చెప్పారు: ఇంగ్లీషులో ఆ నిలువు గీత అంటే ‘నేను’. కన్ను అన్నా, ‘నేను’ అన్నా ఇంగ్లీషులో పలికేది ఒకే తీరు, ఐ అని. వింటే కంటి సంరక్షణ. చదివితే, మీ బాగోగులు నేను చూసుకుంటాను అని.

“అన్ని దుకాణాల మీద కన్నే ఉంటది. మీ బోర్డు మీద మీరు గూడ ఉండిరి. గందుకే జనం చూసి నవ్వుకుంటుండిరి.”

ఆయన పోయాక ఫోన్లో కూడా వెతికి చూశాను. అప్పుడు గానీ నమ్మకం కలగలేదు.

నేను దర్జీ దుకాణానికి వెళ్లేసరికి ఆమె చొక్కాకు గుండీలు కుడుతోంది.

“తప్పు నాదే బిడ్డా. నీ మాట ఇననేలేదు. పాత బోర్డే మళ్ల పెట్టిస్త.”

“మీ ఇష్టం సార్.”

దర్జీ తల ఎత్తలేదు. కత్తెర ఆడుతూనే ఉంది.

పాత బోర్డు మళ్లీ ఎక్కింది. రోజూ దాని పక్క నుంచే ఆమె కాలేజీకి పోతుంది. చాచా అనదు, “నమస్తే సార్” అంటుంది. ఈ మాట వెనుక ఇంకేముందోనని మొదట్లో అలవాటుగా వెతికాను. ఏమీ లేదు. ఉన్నది ఒక్కటే అర్థం.