చుక్కల పెట్ట మొక్కు

నా చిన్నప్పుడు వానాకాలం వచ్చిందంటే మా గూడేనికీ మిగతా లోకానికీ మధ్య వాగు అడ్డం పడేది. చర్ల దాటి అడవిలోకి వచ్చే కంకర రోడ్డు ఆ వాగు ఒడ్డునే ఆగిపోయేది. ఎండాకాలం మోకాలు తడవకుండా దాటే ఆ నీళ్లు, ముసురు పట్టిందంటే ఎద్దును కూడా నిలవనిచ్చేవి కావు. ఇప్పుడు నాకు ముప్పై దాటాయో లేదో, మా ప్రార్థన సంఘంలో పిల్లలు అప్పుడే నన్ను పెద్దమ్మను చేసేశారు. ప్రార్థన ఎట్లా చేయాలి పెద్దమ్మా అని అడుగుతారు. వాళ్లు అడిగినప్పుడల్లా నాకు ఆ వాగు ఒడ్డే గుర్తొస్తుంది.

మా గూడెంలో యేసు ప్రభువును నమ్ముకున్న ఇళ్లు మూడో నాలుగో. మిగతావాళ్లు తాతముత్తాతల నాటి వేల్పులనే కొలిచేవారు. పోడు చేల దగ్గర, చావుబతుకుల దగ్గర మాత్రం అందరం ఒకటే. అందరికన్నా ముందు నమ్ముకున్నది మా తాతయ్య. చదువు రాదు, పాటలన్నీ నోటికి వచ్చు. తాటాకుల పాకే మా మందిరం. పాస్టరుగారు నెలకోసారి వచ్చేవారు, అదీ వాగు ఒప్పుకుంటేనే. ఆయన రాని ఆదివారాలు తాతయ్యే ముందుండి ప్రార్థన చేయించేవాడు.

ఆ ఏడు వానల్లో మా తమ్ముడికి చలిజ్వరం వచ్చింది. వాడింకా బడికి పోయే వయసుకు రాలేదు. నాయన దుమ్ముగూడెం వైపు కూలికి వెళ్లి, వాగు పొంగడంతో అవతలే చిక్కుకుపోయాడు. గూడెంలో ఎవరి దగ్గరో ఉన్న మాత్రలు తెచ్చి వేశాం. జ్వరం దిగినట్టే దిగి మళ్లీ పట్టుకుంది. ఆ తర్వాత వాడు పిలిస్తే పలకడం మానేశాడు. అమ్మ తడిగుడ్డ మారుస్తూనే ఉంది. తాతయ్య వాడి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తూనే ఉన్నాడు. నాకేమో వాళ్లిద్దరూ చేస్తున్నది ఎటూ చాలదనిపించింది.

మా చుట్టుపక్కల ఇళ్లలో ఒక పద్ధతి ఉండేది. ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే ఒక కోడిని వేల్పుకు మొక్కుకుని, దాని కాలికి గుడ్డపీలిక కట్టి వదిలేసేవారు. ఇక ఆ మొక్కు తీరేదాకా దాన్ని ఎవరూ కోయరు, అమ్మరు. నాకో చుక్కల పెట్ట ఉండేది. ఊరందరి గింజలూ తిని, గుడ్డు మాత్రం బుద్ధిగా మా ఇంట్లోనే పెట్టేది. అంతకు మించిన ఆస్తి నాకు లేదు. అమ్మ పాత చీర అంచు చింపి దాని కాలికి కట్టాను. తమ్ముణ్ణి బాగుచెయ్యి, ఇది నీదే అని యేసు ప్రభువుకు మొక్కేశాను. మా ప్రార్థనలో అలాంటి బేరం లేదని నాకెవరూ చెప్పలేదు. సాయంత్రానికి కూడా వాడు కళ్లు తెరవకపోతే, ఇకమీదట అది పెట్టే గుడ్లు కూడా కలిపాను.

మర్నాడు పొద్దున నాయన అవతలి ఒడ్డున కనిపించాడు. కబురు ఎట్లా అందిందో, చర్ల నుంచి ఆటో మాట్లాడుకుని వచ్చి నిలబడ్డాడు. అరుస్తున్నాడు గానీ నీటి హోరులో ఒక్క మాటా వినపడలేదు. మందులు ప్లాస్టిక్ కవర్లో పెట్టి, రాయి కట్టి, ఉన్న బలమంతా పెట్టి విసిరాడు. అది వాగు మధ్యలో పడి మునిగిపోయింది. ఇవతల మేమంతా ఒడ్డునే ఉన్నాం, ఒక్కరం కూడా ఏమీ చేయలేకపోయాం. నాయన నీళ్లలోకి దిగబోతే ఆటో అతను వెనక నుంచి గట్టిగా పట్టుకున్నాడు. మా అమ్మ అప్పుడు వేసిన కేక నేను మర్చిపోలేను.

నీళ్లు తగ్గగానే తమ్ముణ్ణి మోసుకుపోవడానికి నలుగురు మగవాళ్లు వచ్చి మా చూరు కింద కూర్చున్నారు. మంచానికి తాళ్లు కట్టి, పొడవాటి బొంగు దూర్చి సిద్ధంగా ఉంచారు. వాళ్లలో ఒక్కరూ మా సంఘం వాళ్లు కారు. ముందు రోజు నుంచి ఎవరూ సరిగ్గా తిన్నది లేదు. తాతయ్య లేచి పెరట్లోకి వెళ్లి చుక్కల పెట్టను పట్టుకున్నాడు. కాలికున్న పీలిక చూసి, ఇది ఎవరు కట్టారని అడిగాడు. చెప్పాను. తిడతాడనుకున్నాను, తిట్టలేదు. నా పక్కన గొంతుకు కూర్చున్నాడు.

"ఆయన మనతోటి బేరం చేసేటోడు కాదు బిడ్డా. ఏం లేనోళ్లమని చెప్పి అడుగు, చాలు" అన్నాడు.

పీలిక విప్పి, కోడిని కోయించి, అమ్మ చేత వండించాడు. మోసేవాళ్లకు అన్నం పెట్టాడు. తమ్ముడి నోట్లో చెంచాతో పులుసు పోస్తే పెదవుల పక్క నుంచి కారిపోయింది. ఇవ్వడానికి ఉన్నది కాస్తా పోయింది, ఇక దేవుడు నా మాట ఎందుకు వింటాడు అనిపించింది. ఇంటి వెనక్కి వెళ్లి, ప్రభువా నా దగ్గర ఇంకేం లేదు, తమ్ముణ్ణి చూసుకో అని మాత్రం అన్నాను. అంతకన్నా చిన్న ప్రార్థన నేనెప్పుడూ చేయలేదు.

మధ్యాహ్నం దాటాక నీళ్లు ఛాతీ దాకా దిగాయి. నలుగురూ మంచాన్ని తలల మీదికి ఎత్తి దాటించారు. నాయన వాణ్ణి ఒళ్లో వేసుకుని ఆటో ఎక్కాడు. భద్రాచలం దవాఖానా దాకా వెళ్లలేదు వాళ్లు. చర్ల రాకముందే వాడి ఊపిరి ఆగిపోయింది.

మట్టి చేసి వచ్చాక నేను తాతయ్యతో మాట్లాడలేదు. అన్నం పెడితే తినలేదు. చివరికి ఆయనే దగ్గరికి వస్తే, నువ్వు కోడిని కోసినందుకే తమ్ముడు పోయాడని ముఖాన అనేశాను.

"కోడి ఉన్నోళ్ల పిల్లలే బతికేటట్టుంటే, కోడి లేనోళ్లు ఏం గావాలె బిడ్డా? గసొంటి దేవుడైతే నేను నమ్మకపోదును" అన్నాడు.

మరి మనం అంత అడిగితే ఎందుకియ్యలేదని అడిగాను. తాతయ్యకు తెలియనిది ఉండదని అప్పటి నా నమ్మకం.

"నాకు తెల్వదు" అన్నాడు. అని ఏడ్చాడు. ఆయన ఏడవడం నేను అంతకు ముందు చూడలేదు.

ఆ ఆదివారం వాన పడుతూనే ఉంది. పాస్టరుగారు రాలేదు. తాతయ్య ఎప్పటిలాగే చాప పరిచి మోకరించాడు. తండ్రీ అన్నాడు. ఆ తర్వాత ఆయనకు మాట రాలేదు. వెనక ఉన్నవాళ్లు ఎదురుచూశారు. ఆయన లేవలేదు, కళ్లు తెరవలేదు, ఇంకో మాటా అనలేదు. కాసేపటికి నేను వెళ్లి ఆయన పక్కన మోకరించాను. నాకూ ఏమీ రాలేదు. మా వెనకే అమ్మ వచ్చింది.

ఆ తర్వాత నా జీవితంలో అడిగినవి కొన్ని దొరికాయి, కొన్ని దొరకలేదు. నా కూతురికి జ్వరం పెరిగి ఫిట్స్ వచ్చిన రోజున కూడా, ఇది ఇస్తాను, అది మానేస్తాను అని బేరం నోటి దాకా వచ్చింది. మింగేశాను. పిల్లలకు నేను చెప్పగలిగేది కొంచెమే. తమ్ముణ్ణి దేవుడు మాకు ఎందుకు ఇవ్వలేదో తాతయ్యకు తెలియలేదు, నాకూ ఇప్పటికీ తెలియదు. తెలియకుండానే ఆయనను తండ్రీ అని పిలుస్తాను. మాట రాని రోజుల్లో ఆ ఒక్క పిలుపుతోనే మోకాళ్ల మీద ఉండిపోతాను.