నేను లేని పద్దెనిమిది రోజులు

ఆ మనిషి మూడోసారి వచ్చి వెళ్ళిన రోజు డైరీలో ఇలా రాసుకున్నాను: "చూపు శుభ్రంగా ఉంది. మరి ఎందుకు వస్తున్నాడు?"

ఈ గల్ఫ్ ఊళ్ళో నజ్మా అనే పేటలో, ఒక కేరళ హోటలు పక్కనున్న చిన్న కళ్ళజోళ్ళ షాపు మాది. కళ్ళు పరీక్షించడం నా పని. గది పొడవు చాలదు కాబట్టి అక్షరాల చార్టు కుర్చీకి వెనక, తల పైన ఉంటుంది. కూర్చున్నవాళ్ళు ఎదురు గోడకున్న అద్దంలో చూసి చదవాలి. కుర్చీ పక్కన నిలబడితే నాకు ఆ అద్దంలో చదివేవాళ్ళ ముఖం, వెనక తలుపు సందులోంచి షాపు గోడ, ఆ గోడకి ఫ్రేము కట్టి తగిలించిన నా లైసెన్సు కూడా కనిపిస్తాయి. మనుషుల ముఖంలోకి నేరుగా చూడలేని నాకు ఆ అద్దం పెద్ద సదుపాయం.

ఆయన నలభైకి దగ్గరపడిన హైదరాబాదు మనిషి. చివరి వరస దాకా గడగడా చదివేశాడు. నేను చీటీ రాస్తున్నంతసేపూ ఆయన చూపు అద్దంలో నా చేతి మీదే ఉంది. బయటికి వెళ్ళి, ఫోను తీసి, నా లైసెన్సుకి ఫోటో తీసుకున్నాడు.

"అన్నా, ఆయన ఇన్‌స్పెక్టరేమో," అన్నాను సేల్స్ చూసే అన్నతో. అన్నది జగిత్యాల దగ్గర పల్లె. షాపులో నాకంటే పాతవాడు.

"ఇన్‌స్పెక్టరైతే మనం పోసిన చాయ్ తాగి పోతడా? నిన్ను సూడనీకే వస్తుండు చెల్లె. మీ అమ్మకు ఫోన్ జేయాల్నా, సంబంధం వచ్చిందని?"

నవ్వాడు. నవ్వడం ఆపి, ఫోటోలు ఎన్ని తీశాడని అడిగాడు. ఆ ప్రశ్న నాకు నచ్చలేదు. అదీ రాసుకున్నాను.

వారం తిరక్కుండానే మా యజమాని ఆ మనిషినే వెంటబెట్టుకుని వచ్చారు. యజమానిది కాకినాడ వైపు. అందరం పెద్దాయన అంటాం.

"అమ్మాయ్, ఇకనుంచి షాపు వీరిది. నాకింక మోకాళ్ళు సహకరించడం లేదు. నీ ఉద్యోగానికేం ఢోకా లేదులే."

యజమాని మారితే షాపు లైసెన్సు దానంతటదే కొత్త పేరు మీదకి మారదు. కాగితాలన్నీ మళ్ళీ పెట్టుకోవాలి, పెట్టిన రోజు నుంచి అనుమతి వచ్చేదాకా పరీక్ష గదికి తాళం వేయాలి. ఆ కాగితాల్లో నా ఉత్తరం ఒకటి. అది టైపు చేసి తెచ్చారు. కొత్త యజమాని దగ్గర కొనసాగుతానని రెండు వాక్యాలు. ఈ రోజు దాకా ఈ గదిలో జరిగిన ప్రతి పరీక్షా నేనే చేశానని మూడోది.

"యల్లా, కానియ్, సంతకం పెట్టెయ్."

"రేపు తెస్తానండి," అన్నాను.

"చదవడానికి మూడు ముక్కలేగా! కొత్తలో రూము దొరికేదాకా మా ఇంట్లో అన్నం తిన్నావు. ఇప్పుడు నామీద అనుమానమా?"

కొత్తాయన మళ్ళీ నా చేతి వైపే చూస్తున్నాడు. ఇద్దరూ ఒకటే అనుకున్నాను.

ఫరీజ్ అబ్దుల్ అజీజ్ పేటలో నేనుండే గదికి వెళ్ళి పాత పేజీలు తిరగేశాను. అక్క కానుపుకి ఇంటికి వెళ్ళి, పద్దెనిమిది రోజులకి తిరిగొచ్చిన నాటి పేజీ దొరికింది. "నా పేరున్న స్టాంపు సొరుగులో కుడివైపున ఉంది. నేను ఎడమవైపు పెట్టి వెళ్ళాను." దాని కింద, "నాకు ప్రతిదీ అనుమానమే" అని నన్ను నేనే తిట్టుకున్న వాక్యం.

పొద్దున్నే షాపుకి వెళ్ళి రిజిస్టరు తీశాను. ఆ పద్దెనిమిది రోజుల్లోనూ పరీక్షలు జరిగాయి. ఎక్కువ మంది డ్రైవింగ్ లైసెన్సు రెన్యువల్ కోసం వచ్చిన, ఇళ్ళలో కార్లు నడిపే హౌస్ డ్రైవర్లు. ప్రతి పేరు పక్కనా నా స్టాంపు. ఎవరు ఏ వరస దాకా చదివారో ఎక్కడా రాసి లేదు. అందులో ఒక పేరు కొత్తాయనది.

అన్న నా వెనకే నిలబడి ఉన్నాడు. ఈసారి నవ్వు లేదు.

"పెద్దాయన జేయమన్నడు చెల్లె. డ్రైవర్లేమో లైసెన్స్ అయిపోతుందని తలుపు కాడ్నే నిలవడ్డరు. గడ్డం పెడితే మిషన్ల నంబర్ వస్తది గద, గదే రాసిన. ఎవ్వని కన్నూ పోలే."

మిషన్ నంబరు మొదలుపెట్టడానికి మాత్రమే. అసలు పరీక్ష ఆ తర్వాత. ఆ సంగతి అన్నకి తెలుసు. నా లైసెన్సు పోతే నేను ఏ షాపులోనూ పని చేయలేనని కూడా తెలుసు.

మధ్యాహ్నం కొత్తాయన ఒక్కడే వచ్చాడు. చేత్తో రాసిన నా ఉత్తరం ఇచ్చాను. కొనసాగుతాను, కానీ ఆ పద్దెనిమిది రోజుల పరీక్షలు నావి కావు అని. వెనక విమానం టికెట్ల కాపీలు. ఆయన రెండుసార్లు చదివి, పరీక్ష గదిలోకి నడిచి, జేబులోంచి ఒక కళ్ళజోడు, ఒక చీటీ తీశాడు.

"ఇది మీరు రాసిందేనా?"

"కాదండి."

"షాపు బేరం గీరం ఏం లేనప్పుడు, మామూలు గిరాకీ లెక్క వచ్చిన. ఈ జోడిచ్చిన్రు. పెట్టుకుంటే తలనొప్పి. తర్వాత మూడుసార్లొస్తే మూడుసార్లూ అద్దాలే అవసరం లేదని మీరన్నరు. పేరొకటే, నంబర్లు రెండు. మిషన్ కాడ కూసోబెట్టింది సేల్సాయననే అయినా, చీటీ రాసిన దొంగ మీరే అనుకున్న మేడం. మాఫ్ చేయండి."

"నేనూ మిమ్మల్ని అలాగే అనుకున్నాను," అన్నాను అద్దంలో చూస్తూ.

"మరి ఇది రాసిందెవరు?"

తలుపు సందులో, ఫ్రేములు తుడుస్తున్న అన్న చెయ్యి ఆగిపోయింది.

"ఆ రోజుల్లో నేను లేనండి. నాకు తెలిసింది అంతే."

ఆయన అద్దంలోంచి తలుపు వైపు చూశాడు. చీటీ మడిచి నా ఉత్తరంతో పాటు జేబులో పెట్టుకున్నాడు. తెలిసినా తెలియదన్నానని ఆ సాయంత్రం రాసుకున్నాను.

నా ఉత్తరం ఫైలుతో వెళ్ళింది. అనుమతి ఆలస్యమైంది. ఆ పద్దెనిమిది రోజుల్లో వచ్చినవాళ్ళందరినీ మళ్ళీ పిలిచి చూడమన్నారు లైసెన్సు ఆఫీసువాళ్ళు. పెద్దాయన ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. స్టాంపు ఇప్పుడు నా బ్యాగులోనే ఉంటుంది. "బంగారమా చెల్లె, సంకల బెట్టుకొని తిరుగుతున్నవ్?" అంటాడు అన్న. నేను జిప్పు లాగుతాను.

గది తెరిచిన మొదటి రోజున కడప వైపు డ్రైవరు ఒకాయన వచ్చాడు. నాలుగో వరస దగ్గర ఆగిపోయాడు. కళ్ళు చికిలించాడు, ఏదో అక్షరం ఊహించి చెప్పాడు. తప్పు.

"అప్పుడు ఇంత కష్టం ల్యాకపాయనే మేడం. గడ్డం ఆనించమన్యారు, అయిపోయింది పొమ్మన్యారు." పాత చీటీ తీసి చూపించాడు. "ఇది మీ పేరే గదా?"

"పేరు నాదే," అన్నాను. అద్దంలో కాకుండా, ఆయన ముఖంలోకే చూసి. "పరీక్ష నాది కాదు. మూడో వరస నుంచి మళ్ళీ చదవండి."