ఇటుకలు పట్టిన చేతులు

గోల్‌కీపర్ అంటే ఎలా ఉండాలని నన్నడిగితే లింబాద్రిని చూపిస్తాను. నవ్వేవాళ్లు నవ్వుకోండి. నవ్విన నాపచేనే పండుతుందని మా కడప వైపు ఊరికే అనరు.

నా పేరు అల్లాబకాష్. సౌదీలో, హఫర్ అల్ బాతిన్‌లో కంపెనీ క్యాంపు బస్సు నడుపుతాను. శుక్రవారం ఎండ చల్లబడ్డాక అదే బస్సులో మా ఫుట్‌బాల్ జట్టును గ్రౌండుకు తోలుకుపోతాను. గ్రౌండంటే మరీ గొప్పగా ఊహించుకోకండి. ఇసుక నేల, రెండు వైపులా స్కఫోల్డింగ్ పైపులతో నిలబెట్టిన గోలు, దానికో చిరిగిన వల. ఆడేవాళ్లు మలయాళీలు, బంగ్లా వాళ్లు, నేపాలీలు. నేను మేనేజర్ని. పెత్తనం తప్ప నాకు ఆట రాదు.

ఒకసారి మా గోల్‌కీపర్ సెలవు మీద ఇంటికి పోయాడు, మళ్లీ రాలేదు. ఎవరిని నిలబెట్టాలా అని తల పట్టుకున్న రోజుల్లో లింబాద్రి నా కంట పడ్డాడు. మెట్‌పల్లి దగ్గరి పల్లెవాడు, గోడ కట్టే మేస్త్రీ, నలభై దాటిన మనిషి. పైన పలక మీద నిలబడి, కింది నుంచి ఎవరు ఏం విసిరినా, తాపీ గానీ సుత్తి గానీ నీళ్ల సీసా గానీ, చప్పుడు కాకుండా అందుకుంటున్నాడు. ఎక్కడ నేర్చావన్నా అని అడిగితే, మీసాలు రాకముందే ఊళ్లో ఇటుకలు అందుకునే పనికి కుదిరానన్నాడు.

"ఇటుకతోని కొట్లాడొద్దు భాయ్. వచ్చేదాన్ని రానియ్యాలె. దానితోపాటే చేతులు కొంచెం ఎన్కకు వోవాలె. లేకుంటే వేళ్లు వోతయి" అన్నాడు.

ఇంకేం కావాలి? బతిమాలి, బిర్యానీ ఆశ చూపి గోల్లో నిలబెట్టాను. అతను ఫుట్‌బాల్ ఆట చూడటం కూడా అదే మొదలు.

మొదటి మ్యాచిలోనే అవతలి వాళ్లు తుపాకీ గుండు లాంటి బంతి కొట్టారు. లింబాద్రి దాన్ని పసిబిడ్డను అందుకున్నట్టు అందుకున్నాడు. మేమంతా చప్పట్లు కొట్టబోతున్నాం. అతను నడుము తిప్పి, ఆ బంతిని జాగ్రత్తగా వెనక పెట్టి, మళ్లీ ముందుకు చేతులు చాపి నిలబడ్డాడు.

వెనకంటే ఎక్కడ? గోల్లో! ఇటుక అందుకునేవాడి అలవాటు అది. పట్టాలి, వెనక పేర్చాలి, తర్వాతి దానికి చేతులు చాపాలి. పాపం, ఇన్నేళ్ల పని ఒంట్లో ఇంకిపోయింది. గ్రౌండంతా కడుపు చెక్కలయ్యేలా నవ్వింది. ఎవడో పుణ్యాత్ముడు వీడియో తీశాడు. తెల్లారేసరికి అది మెట్‌పల్లి దాకా పోయింది. ఊళ్లో అతనికి 'ఎన్కపెట్టు లింబడు' అని పేరు పడింది. అతని భార్య గౌరవ్వ చుట్టిన బీడీలు ఇవ్వడానికి కార్ఖానాకు పోతే అక్కడా అదే ఎగతాళి. తన మూలంగా ఆమె మాటలు పడటమే అతనికి ముల్లులా గుచ్చుకుంది.

ఇంకొకడైతే మళ్లీ గ్రౌండు మొహం చూడడు. ఇతను మరుసటి శుక్రవారం అందరికంటే ముందు బస్సెక్కి కూర్చున్నాడు. బంతి చేతికి రాగానే కాలు ముందుకు పడాలి, అదొక్కటే సాధన. క్యాంపు గోడకు బంతి కొట్టడం, పట్టడం, ముందుకు నడవడం. చిటికెన వేలు విరిగి వంకరగా అతుక్కున్నా మానలేదు. ఏడాది తిరిగేసరికి ఇటుకలు పట్టిన ఆ చేతుల్ని దాటించడం ఏ క్యాంపు జట్టుకూ చేతకాలేదు. మా వాళ్లు బంతి పోగొట్టుకొచ్చినా ఒక్కర్ని తిట్టి ఎరగడు. ఎంత పొగిడినా చాలదు నాకు. అయినా ఊళ్లో పేరు మాత్రం మారలేదు. మంచి వీడియోలు ఎవరు పంచుకుంటారు చెప్పండి?

ఈ ఏడాది అతనికి ఫైనల్ ఎగ్జిట్ పడింది, అంటే ఇక సౌదీ వదిలి ఇంటికే. ప్రయాణానికి ముందు మిగిలింది ఒక్క మ్యాచే, టోర్నమెంటు ఫైనల్. బస్సు దిగుతూ నా చెయ్యి పట్టుకున్నాడు.

"గా పేరు మోసుకొని ఊరికి వోబుద్ధి గాదు, బకాష్ భాయ్. గౌరవ్వ ఒక్కపాలి మంచిగ సూడాలె."

ఆట మొదలవగానే ఇమోలో గౌరవ్వకు వీడియో కాల్ కలిపి, ఫోను గోలు వైపు పట్టుకుని గీత బయట నిలబడ్డాను. ఒక్క గోలుతో ముందున్నాం. సరిగ్గా ఆఖర్లో మా ఆటగాడొకడి చేతికి బంతి తగిలి అవతలి వాళ్లకు పెనాల్టీ దొరికింది. కొట్టడానికి వచ్చినవాడు సూడాన్ మనిషి, తాటిచెట్టంత ఎత్తు.

కొట్టాడు. లింబాద్రి పక్కకు పడి, బంతిని చప్పుడు కాకుండా అందుకున్నాడు. లేచాడు. గోలు గీత మీదే ఉన్నాడు. నడుము ఇంత వెనక్కి తిరిగింది. అల్లా, అనుకున్నాను. ఆగాడు. బంతిని రొమ్ముకు హత్తుకుని, కాలు ముందుకు వేశాడు.

విజిల్ పడింది. గెలిచాం. అందరూ మీదపడి ఎత్తుకున్నా బంతి వదల్లేదు. ఆట అయిపోయింది, ఇక ఇవ్వన్నా అన్నా వినలేదు. ఫోను అతని ముందు పెట్టాను. కళ్లనీళ్లతో నవ్వుతూ బంతిని చూపించాడు. గౌరవ్వ ఒళ్లో బీడీల చాట, చేతిలో సగం చుట్టిన ఆకు.

"కింద వెట్టకు. గట్లనే వట్టుకొని ఇంటికి రా" అంది.

ఆ బంతిని జట్టు అతనికే ఇచ్చేసింది. దమ్మాం విమానాశ్రయానికి నేనే తీసుకెళ్లాను. దారి పొడవునా బంతి ఒళ్లోనే. చేతులు నొప్పి పుడతాయేమోనని, వెనక సీట్లో పెట్టు లింబన్నా అన్నాను.

నా వైపు ఒక్క చూపు చూసి, బంతిని ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు.