కుండ పక్కన శ్రుతిపెట్టె

శ్రుతిపెట్టె నేనే చేస్తానన్నాను. ఎవరూ అడగలేదు. అడక్కుండా ముందుకి ఎగబడ్డం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు.

అరవైల చివర్లో విజయనగరం గంటస్తంభం పక్క సందులో రేడియోలు బాగుచేసేవాణ్ని. ట్రాన్సిస్టర్ చంకలో పెట్టుకుని తిరగడమే గొప్పయిన రోజులవి. దాని మూత తీసి లోపలేముందో చెప్పగలవాణ్ని కదా, నా అంతవాడు లేడనుకునేవాణ్ని. మా అప్ప, అంటే అక్క, నాతోనే ఉండేది. పెళ్లయిన నాలుగేళ్లకే బావ జ్వరమొచ్చి పోయాడు. అప్పకి వచ్చిన విద్య పాట ఒక్కటే. ఆ ఏడు శ్రీకాకుళంలో ఒక ఆడపిల్లల బడిలో సంగీతం టీచరు పోస్టు పడింది. ముప్పై దాటితే తీసుకోరు. అప్పకి వచ్చే శ్రావణానికి ముప్పై నిండుతాయి.

"ఇది తప్పితే మరింకేటీ నేదురా. బతికినన్నాళ్లూ నీ మీద పడి తినడవే" అంది. నవ్వుతూనే అంది. నాకు మాత్రం ఆ పూట అన్నం సయించలేదు.

శ్రుతి వాయిద్యం ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలని ఇంటర్వ్యూ కాగితంలో రాశారు. అప్పకి పాఠం చెప్పిన మేష్టారి తంబురా అంతకుముందే బస్సు మీంచి దింపుతుంటే జారిపడి, దాని అడుగు బుర్ర చీలిపోయింది. "నా పాత తిత్తిపెట్టె ఉందమ్మా, అది పట్టుకెళ్లు" అన్నారాయన. చేత్తో తిత్తి ఆడిస్తుంటే మోగే పెట్టె అది. అప్ప సరేననబోయింది. నేనే అడ్డుపడ్డాను.

"ఆ దగ్గొచ్చిన పెట్టి ఎవుడిక్కావాలప్పా? బేటరీ మీద మోగేది నాను సేస్తాను సూడు" అన్నాను, మేష్టారి ఎదుటే. ఆయన నవ్వేసి, కండువా దులుపుకుని లేచారు. పెద్దమనిషి.

మోత పుట్టించడం ఎంతసేపు? రెండు ట్రాన్సిస్టర్లు, నాలుగు కెపాసిటర్లు, కూ అని కూత. అప్ప విని మూతి ముడిచింది.

"ఏటిరా ఇది? రైలు టేసను కాడ ఈలేసినట్టున్నాది. ఇందులో జీవం ఏదీ?"

నాకు ఒళ్లు మండింది గానీ మాట నిజమే. తంబురాకి తీగ కింద చిన్న నూలుపోగు పెడతారు. దానివల్లే తీగ ఝుమ్మంటుంది. నా పెట్టెకి ఆ నూలుపోగు ఎక్కణ్ణుంచి తేను?

కాలేజీలో ఫిజిక్సు చెప్పే ఒకాయన రేడియో బాగుచేయించుకోడానికి వస్తూ, చదువుకోమని ఇంగ్లీషు పత్రిక ఒకటి ఇచ్చాడు. విదేశాల్లో కొందరు విడివిడి పెట్టెల్ని కరెంటు తీగలతో కలుపుకుని సంగీతం పుట్టిస్తున్నారట. ఒక్కో పెట్టె స్వరానికి ఒక్కో పని చేస్తుంది. అందులో ఒక పని స్వరం తాలూకు అలని మడవడం. అల లేచి ఒక హద్దు దాటగానే దాన్ని ఇంక పైకి పోనివ్వకుండా కిందికి మడిచెయ్యాలి, పంచె కుచ్చిళ్లు పెట్టినట్టు. అప్పుడు ఒక్క గుండ్రటి అలలోంచి బోలెడు చిన్న అలలు పుడతాయి, నూలుపోగు తీగలోంచి పుట్టించినట్టే. ఇలాంటిదాన్ని వేవ్ ఫోల్డర్ అంటారని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అప్పట్లో నేను మడతపెట్టె అనుకున్నాను.

పత్రికలో సగమే అర్థమయింది. మిగతా సగం చేతులు కాల్చుకుని నేర్చుకున్నాను. పాత రేడియోల్లోంచి డయోడ్లు పీకి, రెండు పెడితే గురక, నాలుగు పెడితే కీచు. మూడు వారాలు కొట్లో రేడియోలు మూలపడ్డాయి, జనం తిట్టిపోశారు. ఆఖరికి ఆరు డయోడ్లతో ఒక రోజు పొద్దున్న ఝుమ్మంది. అప్ప బీరకాయలు తరుగుతున్నది కత్తిపీట వదిలేసి వచ్చేసింది.

"ఓలమ్మో! తంబూరేరా!" అని అక్కడే చతికిలబడి దానితో కలిపి సా పట్టింది. కళ్లంట నీళ్లు. ఆ రోజు నన్ను పట్టడానికి విజయనగరం సరిపోలేదు.

సాధకం ఎప్పుడూ తెల్లారగట్లే కదా. చల్లటి వేళ పెట్టె బంగారంలా పలికేది. ఇంటర్వ్యూకి నాలుగు రోజులుందనగా, ఒక మధ్యాహ్నం ఊరికే స్విచ్ వేశాను. ఏదో తేడాగా అనిపించింది. కొడితే ఎప్పుడూ ఒకే స్వరం పలికే శ్రుతిదండం కాలేజీ లేబు నుంచి తెచ్చుకున్నాను, అప్ప సాకి సరిపోయేది. అది మోగించి పోల్చి చూశాను. పెట్టె శ్రుతి పైకి ఎక్కిపోయింది. ఝుంకారం కాస్తా ముక్కుతో ఏడ్చినట్టుంది. జెర్మేనియం ట్రాన్సిస్టర్లు వేడి పుడితే మాట వినవు. అది నాకు తెలియంది కాదు. పైగా వాటిని రేకు బిస్కట్ల డబ్బాలో బిగించిన ఘనుణ్ని నేనే.

బాగుచెయ్యాలంటే మళ్లీ మొదటికి రావాలి. నాలుగు రోజుల్లో అయ్యేది కాదు. పెట్టెని తీసుకెళ్లి నీళ్లకుండ పక్కన తడి ఇసక మీద పెట్టాను. కాసేపటికి శ్రుతి దిగి చోటుకొచ్చింది. హమ్మయ్య అనుకున్నాను. సిగ్గులేని హమ్మయ్య.

"అక్కడెట్టేవేటి?" అని అడిగింది అప్ప.

"దుమ్ము పడదని" అన్నాను.

మేష్టారి తిత్తిపెట్టె తెచ్చుకుందామని ఒక్క మాట అంటే అయిపోయేది. అనలేదు. ఆయన ముందు తలదించుకోవాలని భయం. పొద్దున్న పదింటికే కదా పిలిచారు, అప్పటికి ఎండ ముదరదులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

పదింటికి పిలవలేదు. పేరు పిలిచేసరికి రెండున్నర దాటింది. మే నెల. శ్రీకాకుళం బళ్లో రేకుల షెడ్డు. పొద్దుట్నుంచీ పెట్టె నా ఒళ్లోనే ఉంది, తడిగుడ్డ చుట్టి ఉంచాను. గుడ్డ ఎండిపోయిన ప్రతిసారీ కుళాయి దగ్గరకి పరుగెత్తాను. బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు. గుడ్డ విప్పి, పెట్టె బల్ల మీద పెట్టి, స్విచ్ వేసి గోడవార నిలబడ్డాను.

అప్ప సా పట్టింది. బాగానే మొదలయింది. పల్లవి సగంలోనే నాకు తెలిసిపోయింది, పెట్టె ఎక్కుతోంది. అప్ప కూడా ఎక్కుతోంది. దాని చెయ్యి పట్టుకున్నట్టు దానితోపాటే ఎక్కుతోంది. చరణంలో పై షడ్జం దగ్గరికొచ్చేసరికి మెడ నరాలు తేలాయి. గొంతు చీలింది. మళ్లీ పట్టబోయింది, మళ్లీ చీలింది.

బల్ల వెనక పెద్దావిడ చెయ్యెత్తి ఆపింది. "మొదలుపెట్టిన శ్రుతి ఎక్కడ, ఇప్పుడు పాడుతున్న శ్రుతి ఎక్కడమ్మా? చూసుకోవద్దూ?"

తప్పు పెట్టెదండీ, నాదండీ, ఇంకొక్కసారి పెట్టె లేకుండా పాడించండి. ఈ ముక్క నా నాలిక చివరిదాకా వచ్చింది. దేవుడి మీద ఒట్టు, వచ్చింది. గోడకి అతుక్కుపోయి నిలబడ్డాను.

"నా తప్పేనండి" అంది అప్ప. దణ్ణం పెట్టి బయటకొచ్చేసింది.

తిరుగుబస్సు ఎచ్చెర్ల దాటింది. నేనే ఆగలేక "అప్పా, ఆ పెట్టి..." అన్నాను.

"తెలుసురా. పల్లవిలోనే తెలిసింది."

"మరి ఆపీలేకపోయావా? అది కట్టీమని ఒక్క మాట సెప్తే..."

"పదిమందిలో నీ పెట్టి కట్టీమని ఎలాగ సెప్తాన్రా? నువ్వు సేసినావు గదా." కిటికీలోంచి బయటికే చూస్తోంది. "కుండ కాడ ఎందుకెట్టినావో నాకు తెల్దనుకున్నావేటి?" అంది.

కోపంగా అని ఉంటే బాగుండేది. నేను బస్సులో అందరి ముందూ ఏడ్చాను. అప్ప ఇటు తిరగలేదు.

మర్నాడు తెల్లారగట్ల మెలకువ వచ్చి చూస్తే పెట్టె కుండ పక్కన తడి ఇసక మీదే ఉంది, అప్ప పెట్టింది. స్విచ్ వెయ్యలేదు. దాని ఎదురుగా కూర్చుని, ఏ శ్రుతీ లేకుండా, నిన్నటి పాటే పాడుకుంటోంది. శ్రుతిదండం తీసుకుని గుమ్మం అవతల నిలబడ్డాను. చరణం వచ్చింది, పై షడ్జం వచ్చింది, మళ్లీ కింది సా దగ్గరికి దిగింది. దండం మోకాలికి కొట్టి చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. అప్ప సా వెంట్రుకవాసి కూడా జారలేదు.