ఉప్పునీళ్ల టీ

గిద్దలూరు స్టేషన్ దారిలో తొలి టీ అంగడి పెట్టించింది నా నాలుకే. ఈ మాట నేను పెళ్లిళ్లలో చెప్పాను, తద్దినాల్లో చెప్పాను, రైల్లో పక్కన కూర్చున్న పాపానికి ముక్కూ మొహం తెలియనివాళ్లకు కూడా చెప్పాను. చెప్పిన ప్రతిసారీ కథ కొంచెం పెరిగేది. చెన్నపట్నం దొర ఒకాయన నా రుచి చూసే నేర్పుకు అబ్బురపడి టోపీ తీశాడని కూడా ఒకసారి అన్నాను. దొరా లేడు, టోపీ లేదు. కానీ నాలుక ఉన్నమాట నిజం, అది కనిపెట్టినమాట నిజం, దాన్ని మా ఇంట్లోవాళ్లే నా నోట్లోంచి లాగేసుకున్నమాట అన్నిటికన్నా నిజం.

మేమప్పుడు కర్నూలు జిల్లా కింద ఉండేవాళ్లం, పైన మద్రాసు సర్కారు. మార్కాపురంలో నాయనకు చిల్లర దుకాణం. ఉప్పు, చింతపండు, కిరసనాయిలు, బెల్లం. పలకల గనుల్లో పనిచేసేవాళ్లే ఎక్కువగా వచ్చేవాళ్లు. టీ అంటే అప్పటికి మా ఊళ్లో జలుబు చేసినవాడు తాగే కషాయం. అట్లాంటిది, ఏదో కంపెనీవాళ్లు బండి కట్టుకుని వచ్చి బజారులో ఊరికే టీ పోయడం మొదలుపెట్టారు. జనం రెండు చేతులా పుచ్చుకుని తాగారు. నాయన తాగలేదు, దుకాణం అరుగు మీద నుంచి చూశాడు.

"ఊరికే పోసేది అలవాటు చేసేదానికేరా. అలవాటు పడినోడు రేపు కొనుక్కుంటాడు," అన్నాడు.

ఆ వారంలోనే గిద్దలూరు వెళ్లి స్టేషన్ దారిలో ఒక గది మాట్లాడి వచ్చాడు. వెనక వంటకు చోటుంది, పెరట్లో బావి ఉంది. దాన్ని ఎవరు నడపాలన్నదే తేలలేదు. ఇంట్లో ఇద్దరం ఉన్నాం. ఒకడు నేను, మీసం సరిగా మొలవని కొడుకును. రెండోవాడు మా బావ.

బావ అంటే మా పెద్దక్క మొగుడు. ఆయన సొంత దుకాణం దివాలా తీసింది. ఇద్దరూ వచ్చి మా ఇంట్లో ఉంటున్నారు. ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. అయినా అక్క అందరూ తిన్న తర్వాతే తినేది, కూర అడుగంటితే ఊరగాయతో సరిపెట్టుకునేది. బావ మాత్రం నవ్వుతూ తిరిగేవాడు. నాకు బావిలో ఈత నేర్పింది ఆయనే. ఇంట్లో నా మాట చివరిదాకా వినేది ఆయనొక్కడే. అందుకని ఆయనకు చెప్పని రహస్యం నా దగ్గర ఉండేది కాదు.

మిగతావాళ్లు నా మాట వినకపోవడానికి కారణం లేకపోలేదు. పుల్లలచెరువు దారిలో చిరుతపులి ఎదురైతే కళ్లతోనే దాన్ని వెనక్కి పంపానని ఒకసారి చెప్పాను. అది కుక్క. పైగా వెనక్కి తిరిగింది నేను.

తర్వాత ఒక రోజు టీ కంపెనీ ఏజెంటు మా ఇంటికే వచ్చాడు. తోలుసంచీలోంచి మూడు రేకు డబ్బాలు తీశాడు. (ఏడని చెప్పుకునేవాణ్ణి. మూడే.) మొదటి దాంట్లో పొడుగ్గా మెలితిరిగిన ఆకు. మూత తీస్తే చాలు, గదంతా వాసన. రెండోది నల్లగా, పొట్టిగా ఉంది. మూడోది ఆకు కాదు, నలిగిన పొడి. దాన్ని ఆయన చివర్లో, ఏదో తప్పనిసరై చూపించినట్టు చూపించాడు.

"ఇది కూలీజనానికి శెట్టిగారూ. మీబోటి పెద్దమనుషులకు ఆ మొదటిదే."

అక్క మంచినీళ్లతో మూడు రకాలూ కాచి తెచ్చింది. నాయన మొదటిది తాగి కళ్లు మూసుకున్నాడు. ఏజెంటు ఆర్డరు కాగితం తీయబోతే నాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"మళ్లా వచ్చినప్పుడు చెప్తాంలే అయ్యా. డబ్బాలుండనీ." తర్వాత మా ఇద్దరి వైపు తిరిగి అన్నాడు: "తాగి చూడండి. గిద్దలూరులో ఏది చెల్లుతాదో నాకు నమ్మకం పుట్టేటట్ల చెప్పినోనికి అంగడి తాళం ఇస్తా. కొడుకని, అల్లుడని నాకేం ల్యా."

ఆ తాళం నాకు కావాలనిపించింది. లాభం మీద ఆశ కాదు. నా పేరు మీద ఒక అంగడి నడిస్తే, ఒక్కసారైనా నాయన నా మాట మధ్యలో ఆపకుండా వింటాడని.

రోజూ మధ్యాహ్నం వంటింట్లో కూర్చునేవాణ్ణి. అక్క కాచేది, నేను తాగేవాణ్ణి. ఏజెంటు ఆ రోజు రుచి చూసి చూపించినట్టు జుర్రుమని చప్పుడు చేసి, నోట్లో తిప్పి, పెరట్లోకి ఉమ్మేవాణ్ణి.

"ఏందిరా ఆ చప్పుడు? బర్రె కుడితి తాగినట్ల ఉండాది," అని అక్క నవ్వేది.

కళ్లకు గంతలు కట్టినా ఏ గ్లాసులో ఏ ఆకో చెప్పేస్తున్నానని బావ దగ్గర కోతలు కోసేవాణ్ణి. నిజానికి మొదట్లో అక్క కాలివేలితో నేల మీద కొట్టి సైగ చేసేది. కానీ రాను రాను సైగ అవసరం లేకపోయింది. మొదటి ఆకు ముక్కుకు తగిలేది, నాలుకకు తగిలీ తగలకుండా జారిపోయేది. రెండోదానిలో కొత్తకుండ వాసన, ఉమ్మేశాక నోట్లో కరక్కాయ వగరు. మూడోది ముందూ చేదే, వెనకా చేదే. నేను కూడా మొదటిదే అనుకున్నాను. ఎవరైనా అదే అనుకుంటారు.

ఎండలు ముదిరాయి. మాకు మంచినీళ్లు గుండ్లకమ్మ ఇసుకలో తవ్విన చెలమల నుంచి కావడి మీద రావాలి. ఏరు ఎండేకొద్దీ చెలమ లోతు పోయేది, కావడి ఆలస్యమయ్యేది. ఆ రోజు బిందెలో అడుగున కొంచెమే ఉంది.

"అవి ముట్టుకోవద్దురా. ఇంటికెవరన్నా వస్తే ఇచ్చేదానికి ఉండాల," అంది అక్క.

"అయితే పెరటి బావి నీళ్లు పొయ్యక్కా."

"ఛీ, ఉప్పునీళ్లతో టీయా? ఎవరన్నా వింటే నగుతారు."

ఆ నీళ్లు మా ఇళ్లల్లో గిన్నెలు తోమడానికి, ఒళ్లు కడుక్కోవడానికి. ఉప్పునీళ్లు మనిషి ముందు పెట్టడం ఎక్కడా లేదు. అందుకే ఏజెంటు వస్తే మంచినీళ్లతో కాచాం, నాయనకూ మంచినీళ్లతోనే కాచాం. ఇన్నాళ్లూ మేమిద్దరం తాగినవీ అవే. ఉప్పునీళ్లు పోసి చూద్దామన్న ఆలోచన ఎవరికీ రాలేదు. నాకూ రాలేదు. బిందె నిండుగా ఉండి ఉంటే ఎప్పటికీ వచ్చేది కాదు.

కాచాం. మొదటి ఆకు పలక కడిగిన నీళ్లయింది. పైన జిడ్డు తెట్టు కట్టింది, వాసన ఎటుపోయిందో తెలియదు. రెండోది మింగలేక ఇద్దరం పెరట్లోకి ఉమ్మేశాం. మూడోది, ఆ కూలీపొడి, నిలబడింది. డికాక్షన్ విడిగా కాచి, చివర్లో పాలు, చక్కెర కలిపితే దాని చేదు ఉప్పును మింగేసింది.

గిద్దలూరు గది పెరటి బావి గుర్తొచ్చింది. స్టేషన్ జనానికి రోజంతా చెలమ నీళ్లతో టీ కాచేదెవరు? మర్నాడే రైలెక్కాను. ఆ బావి నీళ్లు చెంబులో తోడి, మూతికి గుడ్డ కట్టి, ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. రైలుపెట్టెలో ఒక ముసలమ్మ అది గంగ అనుకుని దణ్ణం పెట్టింది. నేను కాదనలేదు. ఆ నీళ్లూ మా పెరటి నీళ్లలాగే ఉప్పన, టీ కూడా అట్లానే వచ్చింది. మూడో ఆకే.

అక్క గ్లాసు ఖాళీ చేసి దించింది. "ఒరే అబ్బోడా, ఇది నిజమేరా!"

"నీ నోటితోనే తాగితివి గదక్కా. ఇంక నేనేం కల్పించేది?"

ఆ సాయంత్రం దుకాణం మూశాక అరుగు మీద బావకు మొత్తం చెప్పాను. తీసుకొచ్చిన నీళ్లు, తెట్టు, డికాక్షన్ విడిగా కాయడం, పాలు చివర కలపడం, ఏదీ దాచలేదు. ఆయన నవ్వడం మానేసి విన్నాడు. నేను అప్పుడే అనుమానించాల్సింది.

"బామ్మర్దీ, నువ్వు మామూలోనివి కాదు. అయితే మామకు ఇప్పుడే చెప్పొద్దు. ఇప్పుడు చెప్తే ఇంకో చిరుతపులి అనుకుంటాడు. ఆ ఏజెంటాయన వచ్చినప్పుడు నలుగురి ముందర చెప్పు. అప్పుడు కాదనేదానికి ఉండదు."

ఎంత మంచి సలహా అనుకున్నాను! రాత్రుళ్లు పడుకుని ఆ రోజు ఏం మాట్లాడాలో అల్లుకున్నాను.

ఏజెంటు వచ్చాడు. మంచం మీద తుండు పరిచి కూర్చోబెట్టాం. నాయన, "ఏమిరా, ఏం తేల్చినారు?" అన్నాడు. నేను లేచి నిలబడ్డాను. ఉన్నది ఉన్నట్టు రెండు ముక్కల్లో చెప్పి ఉంటే ఈ కథ వేరేగా ఉండేది. నా నోరు ఊరుకోదే! నేను పడిన పాట్లతో మొదలుపెట్టాను. కర్నూలు జిల్లాలో నేను రుచి చూడని నీళ్లు లేవన్నాను. కంభం చెరువు దాకా వెళ్లానన్నాను. వెళ్లలేదు. నాయన అప్పటికే మొహం చిట్లిస్తున్నాడు.

అంతలో బావ లోపలికి వెళ్లి రెండు గ్లాసులు తెచ్చి నాయన ముందు పెట్టాడు.

"మామా, మాటలెందుకు? తాగి చూడండి. రెండూ గిద్దలూరు బావి నీళ్లతో కాసినయ్యే. ఇది ఆ వాసన ఆకు. ఇది కూలీపొడి."

నాయన మొదటిది తాగి మొహం వికారంగా పెట్టాడు. రెండోది తాగాడు. మళ్లీ తాగాడు. గ్లాసు ఏజెంటుకు అందించాడు. ఏజెంటు ఒక గుక్క తాగి, మొదటి డబ్బా మూత బిగించాడు.

"అల్లుడా, అంగట్లో టీ కాసేది ఏ నీళ్లతోనో నాకే తట్టలేదు గదా! ఎట్ల తట్టిందప్పా నీకు?"

బావ నవ్వాడు. అంతే. తనకు తట్టిందని అనలేదు, తట్టలేదనీ అనలేదు.

"నాయనా, అది నేను కనిపెట్టింది! ఆ నీళ్ల సంగతి నేనే చెప్పినా బావకు!"

"నువ్వా? ఇప్పుడే గదరా జిల్లాలో నీళ్లన్నీ తాగినానంటివి. ఇదీ నీ ఖాతాలోదేనా?"

"పోనీండి మామా, వాడే అనుకోండి. చిన్నోడు," అన్నాడు బావ. ఆ మాటతో నన్ను పాతిపెట్టాడు. ఏజెంటు కూడా నవ్వాడు.

నా వైపు ఇంకొక్క మనిషి మిగిలి ఉందనుకున్నాను. "అక్కను అడుగు నాయనా! అక్క కండ్ల ముందరే జరిగింది!"

నాయన పిలిచాడు. అక్క గడప దగ్గరకు వచ్చి నిలబడింది. చెయ్యి ఇంకా తడిగా ఉంది. అప్పుడు తట్టింది నాకు. ఆ రెండు గ్లాసులూ ఆమె కాచినవే. నేను చూపించినట్టే డికాక్షన్ విడిగా కాచి, పాలు చివర కలిపింది. గిద్దలూరు నీళ్లు బావ ముందురోజే నాకు తెలియకుండా తెప్పించి, పొద్దున నేను ఏజెంటు కోసం స్టేషనుకు బండి కట్టించుకుని వెళ్లినప్పుడు ఆమెకు అందించి ఉంటాడు. ఆమెకు అంతా తెలుసు.

"ఏమ్మా, ఈ నీళ్ల సంగతి కనిపెట్టింది ఎవరు?"

అక్క నా వైపు చూడలేదు. బావ వైపూ చూడలేదు. కింద పెట్టిన ఖాళీ గ్లాసులు తీసుకుంది.

"నాకేం తెల్సు నాయనా. కాయమంటే కాసినాను."

అప్పుడు నేను డబ్బాలు మూడూ వీధిలోకి విసిరానని, బావ కాలర్ పట్టుకున్నానని చాలామందికి చెప్పాను. బావకు కాలరున్న చొక్కాయే లేదు. నేను చేసిందల్లా ఏజెంటుకు చెయ్యి కడుక్కోవడానికి నీళ్లు పోయడం.

తాళం బావకు దక్కింది, అక్కా ఆయనా గిద్దలూరు చేరారు. అంగడి సాగింది. బాగా సాగింది. చాలా రోజులు నేను అటు వెళ్లలేదు. చివరికి నాయన సరుకు మూట ఇచ్చి పంపితే తప్పలేదు. బావ నన్ను చూడగానే గల్లాపెట్టె ముందునుంచి లేచి వచ్చాడు. బెంచీల మీద కూర్చున్నవాళ్లతో, "మా బామ్మర్ది! టీ రుచి వీనికి బాగా తెల్సు," అన్నాడు. ఎగతాళిగా అనలేదు. అదే భరించలేకపోయాను.

మూట తీసుకుని వెనక వంటింట్లోకి వెళ్లాను. అక్క తన పొయ్యి ముందు కూర్చుని ఉంది. తన పొయ్యి, తన గిన్నెలు. వేళకు తింటున్నట్టుంది, బుగ్గలు నిండాయి.

"ఎందుకట్ల చెప్పినావక్కా?"

ఆమె పొయ్యిలో పుల్ల ఎగదోసింది. దేని గురించి అని అడగలేదు.

"నీకు నాయన దుకాణం ఉండాది. ఈరోజు కాకుంటే రేపు అది నీదే. నేను ఎంత కాలమని పుట్టింట్లో అందురూ తిన్నంక తినాల?"

"ఆ మాటే నాతో చెప్పుంటే నేనే ఇచ్చుందును గదా తాళం! నాయనతో నిజం చెప్పి, తర్వాత నన్ను అడిగుంటే చాలదా?"

"ఇచ్చేటోనివా?"

"ఇచ్చేటోన్నే."

అక్క తలెత్తి నా మొహంలోకి చూసింది. ఆ రోజు గడప దగ్గర చూడని చూపంతా అప్పుడు చూసింది. "చూడు, మళ్లా మొదలుపెట్టినావు," అని గిన్నె దించింది.

ఇచ్చేవాణ్ణే అని ఎంతోమందితో అన్నాను. అక్క పోయిన తర్వాత కూడా అన్నాను. ఇప్పుడు నా మాట కాదనడానికి ఎవరూ మిగల్లేదు కాబట్టి చెబుతున్నాను. ఇచ్చేవాణ్ణి కాదు. ఆ తాళం చేతిలో పడి ఉంటే అక్క ఏడ్చినా వదిలేవాణ్ణి కాదు. ఆ సంగతి నాకన్నా ముందే ఆమెకు తెలిసింది.

తెలిస్తే తెలిసింది. అయినా ఒక్కసారి అడిగి ఉండాల్సింది. నేను ఇవ్వనని ఉందును, ఆమె అప్పుడు ఏం చేసినా నేను ఇంతగా బాధపడేవాణ్ణి కాదు.